గ్రాడ్యుయేషన్ డేకి ముఖ్య అతిథిని ఎలా ఎంచుకోవాలి?

గ్రాడ్యుయేషన్ డే కమిటీ కూర్చోగానే "ఈసారి చీఫ్ గెస్ట్‌గా ఎవర్ని పిలుద్దాం?" అంటారు, వెంటనే వచ్చే జవాబులన్నీ పదవులే: మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, ఫలానా కంపెనీ హెచ్చార్ హెడ్. ఆయన ఎలా మాట్లాడతారు, పిల్లలకి ఏం చెప్పగలరు అని అడిగేవాళ్లు తక్కువ. పేపర్లో ఫొటో బాగా రావాలంటే అలా ఎంచుకుంటే సరిపోతుంది. కానీ ఆ రోజు హాల్లో ఉండేది గౌన్లలో చెమటలు కక్కుతున్న పిల్లలు, వెనక వరుసల్లో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు. చాలా ఇళ్లలో అదే మొదటి డిగ్రీ. ఎంపిక వాళ్లని చూసి చేయాలి.

యూనివర్సిటీ స్నాతకోత్సవమైతే లెక్క వేరు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సాధారణంగా గవర్నరే ఛాన్సలర్ కాబట్టి అధ్యక్షత ఎవరిదో ముందే ఖాయం. అక్కడ కూడా ముఖ్య అతిథి విషయంలో మంచి ఎంపికకు చోటుంటుంది. 2022 ఆగస్టులో ఉస్మానియా 82వ స్నాతకోత్సవానికి అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ వచ్చారు. పదవి పెద్దదే, కానీ అంతకన్నా ముఖ్యం ఆయన కృష్ణా జిల్లా పొన్నవరంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఇంట్లో లాయర్లెవరూ లేకుండా ఆ స్థాయికి వెళ్లిన మనిషి కావడం. అలాంటి అతిథిని వెనక వరుసలో కూర్చున్న తండ్రి కూడా మనవాడే అనుకుంటాడు.

ముందు పిల్లల్ని అడగండి, కానీ ప్రశ్న మార్చి అడగండి

"ఎవరు కావాలి?" అని గూగుల్ ఫారం పంపితే సినిమా హీరోలు, క్రికెటర్ల పేర్లే వస్తాయి, దాంతో ఆ ఫారాన్ని పక్కన పడేస్తారు. "కాలేజీ వదిలి వెళ్తున్నప్పుడు దేని గురించి వినాలని ఉంది?" అని అడిగి చూడండి. ప్లేస్‌మెంట్ రానివాళ్లు ఏం చేయాలి, ఎడ్యుకేషన్ లోన్ మీదుండగా సొంతంగా ఏదైనా మొదలుపెట్టొచ్చా, అమెరికా వెళ్లాలా ఇక్కడే ఉండాలా, ఇంట్లో పెళ్లి తొందరపెడుతుంటే ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలి, ఇలాంటి అసలైన టెన్షన్లు బయటికొస్తాయి. వాటిలో ఎక్కువమంది రాసిన రెండు మూడు విషయాలు పట్టుకుంటే ఎలాంటి మనిషి కావాలో తెలిసిపోతుంది. కమిటీలో ఫైనలియర్ పిల్లలు ఇద్దరినైనా కూర్చోబెట్టండి, అందులో ఒకరు అమ్మాయి అయితే మంచిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ లాంటి చోట ఫైనలియర్ ప్రతినిధులకు వక్త ఎంపికలో పాత్ర ఉంటుంది, మనం అది చేయలేకపోవడానికి కారణమేమీ కనిపించదు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

మీ పూర్వ విద్యార్థుల జాబితాలోనే వెతకడం మొదలుపెట్టండి. పది పదిహేనేళ్ల కిందట అదే హాస్టల్ మెస్‌లో తిని, బ్యాక్‌లాగులు క్లియర్ చేసుకుని, ఆ తర్వాత ఏదో ఒక చోట గట్టిగా నిలబడిన మనిషి ఇచ్చే ధైర్యం బయటి నుంచి వచ్చిన పెద్ద పేరు ఇవ్వలేదు. ఇక్కడొక చిక్కుంది, అలుమ్నై అనగానే అమెరికాలో ఉన్నవాళ్లే గుర్తొస్తారు. జిల్లా కేంద్రంలో చిన్న యూనిట్ పెట్టి నలుగురికి పని ఇస్తున్నవాళ్లు, గ్రూప్స్ రాసి నాలుగోసారి గెలిచినవాళ్లు, ప్రభుత్వ స్కూల్లో పాఠాలు చెబుతున్నవాళ్లు కూడా మీ అలుమ్నైయే. గత ఐదేళ్ల అతిథుల పేర్లు ఒక కాగితం మీద రాసి చూసుకోండి, అందులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే ఈసారి ఎటు వెతకాలో మీకే అర్థమవుతుంది.

మాట్లాడటం వినకుండా ఖాయం చేయొద్దు

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. యూట్యూబ్‌లో వాళ్ల పాత ప్రసంగం పెట్టి, మొదటి రెండు నిమిషాలు కాకుండా మధ్యలోంచి ఒక ఐదు నిమిషాలు వినండి, ఎందుకంటే మొదట్లో అందరూ బాగానే మాట్లాడతారు. కెమెరా ప్రేక్షకుల వైపు తిరిగినప్పుడు జనం తలెత్తి వింటున్నారా, ఫోన్లు చూసుకుంటున్నారా గమనించండి. ఆ తర్వాత ఇదివరకు వాళ్లని పిలిచిన కాలేజీకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: టైముకి వచ్చారా, ఎంతసేపు మాట్లాడారు, తర్వాత పిల్లలతో కాసేపైనా ఉన్నారా లేక దండ వేయించుకుని కారెక్కారా. మూడో దానికి వచ్చే జవాబుని బట్టే నేనైతే పేరు ఉంచాలో తీసేయాలో చూస్తాను.

పిల్లల్లో వ్యతిరేకత ఉన్న పేరైతే ప్రకటించకముందే వాళ్లతో మాట్లాడాలి. 2014లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్‌ని పిలిస్తే, ఇరాక్ యుద్ధంలో ఆమె పాత్ర మీద విద్యార్థులు, అధ్యాపకులు నిరసనకు దిగారు, చివరికి ఆమే తప్పుకున్నారు, ఆ యూనివర్సిటీ ఉన్న న్యూజెర్సీ రాష్ట్ర మాజీ గవర్నర్ టామ్ కీన్ వచ్చి మాట్లాడారు. మన దగ్గర రాజకీయ నాయకుణ్ని పిలిస్తే హాల్లో సగం మందికి ఇష్టం, సగం మందికి కోపం. పైగా ఎన్నికల కోడ్ వచ్చిందంటే కార్యక్రమం తేదీయే కదిలిపోవచ్చు. పేపర్లలో, కోర్టు వార్తల్లో ఆ పేరు ఒకసారి వెతకడం కూడా ఈ దశలోనే అయిపోవాలి.

ఆహ్వానం

మూడు నాలుగు నెలల ముందే రాయండి. "మీ రాక మాకు ఎనలేని గౌరవం" అని పేజీ నింపే బదులు మొదటి పేరాలోనే తేదీ, ఊరు, ఎంతమంది పట్టాలు తీసుకుంటున్నారు, ఎన్ని నిమిషాలు మాట్లాడాలి, ప్రయాణం ఎవరు చూసుకుంటారు అన్నీ చెప్పేయండి. రెండో పేరాలో పిల్లల ఫారంలోంచి ఒకటి రెండు మాటలు యథాతథంగా పెట్టండి, పేర్లు లేకుండా. "మా నాన్న ఆటో నడుపుతారు, నాకు ఉద్యోగం రాలేదని ఆయనకు ఇంకా చెప్పలేదు" అని ఒక పిల్లవాడు రాసి ఉంటే, పది పొగడ్తల కన్నా ఆ ఒక్క వాక్యమే మంచి వక్తను కదిలిస్తుంది. పారితోషికం గురించి మొహమాటపడకుండా ముందే అడిగేయండి. కలెక్టర్, జడ్జి లాంటివాళ్లకి పై నుంచి అత్యవసర పని పడొచ్చు, కాబట్టి దగ్గర్లోనే ఉండే రెండో పేరు ఒకటి మనసులో పెట్టుకోండి. ఆఖరి నిమిషంలో పిలిచినా నొచ్చుకోని మనిషి అయ్యుండాలి.

ఒప్పుకున్నాక

పని అయిపోయిందనుకోవద్దు. వక్తకి ఒక పేజీ నోట్ పంపండి: బ్యాచ్‌లో ఎంతమంది, ఏ బ్రాంచీలు, ఎక్కడెక్కడి పల్లెల నుంచి వచ్చారు, ఈ నాలుగేళ్లలో వాళ్లు పడిన కష్టం ఏమిటి, హాల్లో తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు. తెలుగులో మాట్లాడితే బాగుంటుందని స్పష్టంగా అడగండి, అడగకపోతే ఇంగ్లిష్‌లో రాసుకొచ్చేస్తారు, అప్పుడు అమ్మానాన్నలు అర్థంకాకుండానే చప్పట్లు కొట్టాల్సి వస్తుంది. సమయం పదిహేను నిమిషాలే అని రాతపూర్వకంగా చెప్పండి. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ జాబ్స్, తానే డిగ్రీ పూర్తి చేయని మనిషి, మూడు సంఘటనలు చెప్పి సుమారు పదిహేను నిమిషాల్లో ముగించారు, ఆ ప్రసంగాన్ని జనం ఇప్పటికీ వింటున్నారు.

ఇక ఆ రోజు ప్రోగ్రాం షీట్ మీ చేతిలో పని. జ్యోతి ప్రజ్వలన, వార్షిక నివేదిక, యాజమాన్యం ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు అన్నీ అయ్యాక ముఖ్య అతిథికి మైకు ఇస్తే ఎంత గొప్ప వక్త అయినా ఆకలి మీదున్న హాలుతో ఏమీ చేయలేరు. నివేదికని అచ్చువేసి కుర్చీల్లో పెట్టేయండి, సన్మానాలు చివరికి నెట్టండి, ప్రార్థన, స్వాగతం కాగానే ఆ మనిషిని మాట్లాడనివ్వండి, పట్టాల పంపిణీ ఆ తర్వాత మొదలుపెట్టండి.