కయాక్ మరమ్మతు, 4వ పాఠం: రెజిన్ ఎందుకు ఊడింది?

పోయిన పాఠం చూసి గ్లాస్ మ్యాట్ (గాజు పీచు గుడ్డ), రెజిన్ (గట్టిపడే ద్రవం)తో వేసిన అతుకు, కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) రెండోసారి నీళ్లలో దించేసరికి పెచ్చులా ఊడిపోయిందని చాలామంది చెప్పారు. ఆ పద్ధతి ఫైబర్ కయాక్‌కే పనికొస్తుంది. ఉప్పాడలో ఫైబర్ బోట్లకు వేసేదీ అదే. మీలో ఎక్కువమంది దగ్గరున్నది ప్లాస్టిక్‌ది. ఆ తేడా ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

ముందు మీది ఏదో తేల్చుకోండి. కనపడని చోట అంచును బ్లేడుతో గీకండి. తెల్లటి పొడి రాలితే ఫైబర్. మైనంలా చుట్ట తిరిగిన పీచు వస్తే ప్లాస్టిక్. ఆ పీచును సబ్బు చుక్క వేసిన గ్లాసు నీళ్లలో వేలితో ముంచి వదలండి. పైకి తేలితే దాదాపుగా పాలీఎథిలీన్ అనే ప్లాస్టిక్కే.

దీనికి ఎరాల్డైట్, ఎం-సీల్, రెజిన్ ఏవీ నిలవవు. గరుకు కాగితంతో ఎంత రుద్దినా అంతే. సూపర్ గ్లూ వచ్చే సీసాలు సాధారణంగా పాలీఎథిలీన్‌తోనే చేస్తారు, లోపలి జిగురు గోడకు అంటుకోకూడదని. కొవ్వొత్తికి రంగు వేసి చూడండి, గోటితో గీస్తే వచ్చేస్తుంది. ఇదీ అంతే. "ఇంకో బ్రాండ్ జిగురు వాడితే?" అని దయచేసి అడగొద్దు. దీన్ని కరిగించి కలపాల్సిందే.

పగులు రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేయండి, పగులు ఇంకా పాకదు. పాత జిగురంతా గీకేసి, పగులు వెంట వి ఆకారంలో గాడి తీయండి. హాట్ ఎయిర్ గన్‌తో (వేడిగాలి ఊదే పరికరం) గాడినీ పాలీఎథిలీన్ రాడ్‌నూ కలిపి వేడి చేయాలి. గాడి అంచులు తడిసినట్టు మెరిసినప్పుడే రాడ్ అదమండి. చల్లటి గాడిలో రాడ్ ఒక్కటే కరిగిస్తే మళ్లీ ఊడుతుంది. నేనైతే నీళ్ల ట్యాంకులు వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్తాను. ట్యాంకులదీ ఈ ప్లాస్టిక్కే, వాళ్ల చెయ్యి తిరిగింది.

డ్రిల్ పట్టుకునే ముందు, పగులు కొన్నప్పటికే ఉన్నదైతే అమ్మినవాళ్లను అడగండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా కయాక్‌కు సీటు కింద పగులు కనపడితే, "మీరే రాయికి కొట్టారు" అన్నాడు అమ్మినాయన. నేను దాన్ని అప్పటికింకా నీళ్లలో దించనేలేదు. పగులు లోపల ఎండిన బురద గీత, దాని మీద పాత పాచి. దాన్ని దగ్గర నుంచి తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపాక మాట మారింది, మరమ్మతు ఖర్చు సగం ఇచ్చాడు. ముందే గీకేసి ఉంటే ఆ బురద ఉండేది కాదు. ఫోన్ చేసినా, చెప్పింది మెసేజ్‌లో కూడా పెట్టండి. షాపులో కొత్తది కొన్నవాళ్లకు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వ్యాపారి కాని మనిషి దగ్గర కొంటే ఆ దారి ఉండదు, మాట్లాడుకోవాల్సిందే.

అభ్యాసం: పాత ట్యాంకు ముక్కలు తెచ్చి 10 సెం.మీ. అతుకు వేయండి. బకెట్ ముక్కలు వద్దు, అది వేరే ప్లాస్టిక్ కావచ్చు. ఒక రాత్రి ఆరనిచ్చి, అతుకు దగ్గర రెండువైపులా వంచండి. వరుసగా మూడు ముక్కలు విరగకుండా నిలిచాకే కయాక్ ముట్టుకోండి.