ఫ్లాపైన థ్రిల్లర్‌ని పదేళ్ళ తర్వాత మళ్ళీ చూడాలంటే ఎలా చూడాలి

మన బ్యాచ్‌లో ఎవడో ఒకడుంటాడు కదండి, ఫ్లాపైన ప్రతి సినిమాకీ పదేళ్ళ తర్వాత "కాలం కంటే ముందొచ్చేసింది మావా" అని సర్టిఫికెట్ ఇచ్చేసేవాడు. వాడి మాట గుడ్డిగా నమ్మక్కర్లేదు, నవ్వేసి వదిలెయ్యక్కర్లేదు కూడా, సినిమా పెట్టుకుని కూర్చుంటే తేలిపోద్ది. కాకపోతే ఆ కూర్చోడానికి ఒక పద్ధతుంది, పండక్కి అందరూ ఊళ్ళకొచ్చినప్పుడు రాత్రిళ్ళు మా కోనసీమ మేడల మీద జరిగే పని ఇదే కాబట్టి రాస్తన్నాను. ఉదాహరణకి మహేష్ బాబు గారి "1 నేనొక్కడినే" సినిమా తీసుకుంటాను. డైరెక్టర్ సుకుమార్ గారిది రాజోలు దగ్గర మట్టపర్రు, సినిమాల్లోకి రాకముందు కాకినాడలో లెక్కలు చెప్పిన మేష్టారు, మ్యూజిక్ చేసిన దేవిశ్రీ ప్రసాద్ గారి సొంతూరు వెదురుపాక, కాబట్టి మనోళ్ళని పొగిడినా తిట్టినా మనకే హక్కుంది, ఆయ్. కథ మొత్తం చెప్పేస్తాను, చూడనోళ్ళుంటే ఇక్కడే ఆపి చూసి రండి.

ముందు చెయ్యాల్సింది ఏంటంటే, ఎందుకు ఆడలేదు అన్నదాన్నీ, సినిమా ఎలా ఉంది అన్నదాన్నీ విడగొట్టాలి. ఈ రెండూ కలిపేస్తే ఇంక తెల్లారిపోద్ది గానీ తేలదు. 2014 జనవరి 10న రిలీజ్. అంతకు ముందు సంక్రాంతికి ఇదే మహేష్ బాబు గారు సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టులో రేలంగి మావయ్య గారి చిన్నోడిగా వచ్చేరు, మన పశ్చిమ గోదావరి ఊరు, మన ఇల్లు, మన భోజనాల సందడి. సరిగ్గా ఏడాది తిరిగేసరికి అదే హీరో, అదే పండగ, అదే థియేటరు, కానీ తెర మీద ఒక రాక్‌స్టార్, మెదడులో గ్రే మేటర్ పాతిక శాతం లేదంట, వాడు చంపినోళ్ళు అసలు లేరంట. కోడిపందాల బరి దగ్గర్నుంచి బైకులేసుకుని వచ్చినోళ్ళు, కొత్తల్లుడికి సినిమా చూపిద్దామని ఇంటిల్లిపాదీ కట్టకట్టుకుని వచ్చినోళ్ళు, మొదటి పది నిమిషాలు పార్కింగ్‌లో పోయినోళ్ళు, చంటిపిల్లని బయటికీ లోపలికీ తిప్పినోళ్ళు. పది నిమిషాలు మిస్సైతే దారి దొరకని సినిమాని ఆ నాలుగు రోజుల్లో వదిలితే ఏమవుద్ది? రెండ్రోజులకే "ఎవడు" అనే సినిమా వచ్చింది, మామూలు మాస్ సినిమా, పండగ జనం అటెళ్ళిపోయేరు. అమెరికాలో మాత్రం మిలియన్ డాలర్లు దాటేసింది, అక్కడ చూసినోళ్ళకి పండగ హడావిడి లేదు కదా.

ఇదంతా సినిమా బాగుందని చెప్పదు. ఎందుకు పోయిందో చెప్తుంది, అంతే. చాలామంది ఫ్యాన్స్ ఇక్కడే ఆగిపోయి "చూసేరా, అన్యాయం జరిగింది" అని తీర్పు చెప్పేస్తారు. ఇంకో రకం కూడా ఉన్నారు, రంగస్థలం, పుష్ప వచ్చాక "అంత గొప్ప డైరెక్టర్ తీసేడు కాబట్టి ఇదీ గొప్పే అయ్యుంటది" అంటారు. 2018లో తీసిన సినిమా 2014లో తీసిన సినిమాకి సాక్ష్యం ఎలా అవుద్దండి? ఆ రెండు వాదనలూ చెప్పులతో పాటు గుమ్మం బయటే విప్పించెయ్యండి.

ఏ కాపీ చూస్తన్నారో కూడా చూసుకోండి. దీని నిడివి రెండు ముప్పావు గంటల పైనే, రిలీజయ్యాక పెద్దగా ఉందని గోల వస్తే కొంత కత్తిరించేరు. టీవీలో వచ్చేదాంట్లో యాడ్స్ కోసం ఇంకా కోస్తారు. ఒకడు ఒక వెర్షన్, ఇంకొకడు ఇంకో వెర్షన్ చూసొచ్చి కొట్టుకుంటా ఉంటే మధ్యలో కూర్చున్నోడికి పిచ్చెక్కుద్ది, అందుకని నిడివి చూసి అందరూ ఒకటే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని, రెండోసారి చూడ్డం. థ్రిల్లర్‌కి రెండోసారే పరీక్ష, ఎందుకంటే ముగింపు తెలిసిపోయాక సస్పెన్స్ మీద ఆధారపడింది మొత్తం పోద్ది, తెలివి మీద ఆధారపడింది మిగుల్తది. ఇలాంటి సినిమాకి నేను పెట్టే రూల్ ఒకటే: హీరో ఒక మనిషిని చూస్తన్న ప్రతి సీన్లో, ఆ మనిషికి హీరో కాకుండా ఇంకెవరైనా రియాక్ట్ అయ్యేరా లేదా? ఎవరైనా పక్కకి తప్పుకున్నారా, కళ్ళెత్తి చూసేరా, వాడితో మాట కలిపేరా? ఫోన్లో టైము వేసుకుని పక్కన "అవును", "కాదు" అని రాసుకోండి చాలు. హీరో హత్య చేసేనని తనే ఒప్పుకుంటాడు, తీరా చూస్తే అక్కడ ఎవడూ లేడని తేలుద్ది, మొదటిసారి అది మనకి షాక్. రెండోసారి చూసేటప్పుడు కెమెరా మనకి అబద్ధం చెప్పిందా, లేకపోతే హీరో కళ్ళతో చూపించి ఊరుకుందా అన్నది పట్టుకోవాలి. ఈ తేడా చిన్నదిగా కనపడుద్ది గానీ సినిమా నిజాయితీ మొత్తం అక్కడే ఉంది. హీరో కళ్ళతో చూపించడం ఆట, ఆటలో అది ఒప్పే. ఎవరి కళ్ళూ కాని షాట్లో లేని మనిషిని చూపిస్తే అది తొండి. నా లెక్కలో ఫస్టాఫ్ చాలా వరకూ తొండి ఆడలేదు, అందుకే నాకీ సినిమా అంటే గౌరవం. గోవాకి వెళ్ళాక ఇంకా గమ్మత్తు, అప్పటిదాకా ఊహే అని తేల్చేసిన చోటికి నిజం మనిషిని దింపుతాడు, హీరోకే కాదు మనక్కూడా నమ్మకం పోద్ది, రత్నవేలు గారి కెమెరా రెండిటినీ ఒకేలా చూపిస్తది.

ఈ పని 2014లో మనకి కుదిరేది కాదు లెండి. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, ఆ ముక్క కట్ చేసి బావకి పంపడం అంటే డేటా కావాలి, మన ఊళ్ళల్లో ధారాళంగా వీడియో చూడ్డం మొదలైంది 2016 సెప్టెంబర్లో జియో వచ్చాకే. పాత థ్రిల్లర్లకి రెండో జీవితం రావడంలో జనం మారిపోవడం కంటే పాజ్ బటన్‌ది పెద్ద చెయ్యి అని నా అభిప్రాయం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కూడా విడిగా వినండి.

తర్వాత, మన ఊరి కళ్ళతో చూడండి. ఇది ఎవరూ చెయ్యరు, నాకు మాత్రం దీన్లోనే మజా. ఈ సినిమాలో హీరో అమ్మానాన్నల్ని ఎందుకు చంపేరంటే వరి విత్తనం కోసం, తండ్రి శాస్త్రవేత్త, గోల్డెన్ రైస్ అని వాతావరణాన్ని తట్టుకునే వరి కనిపెట్టేడు. థియేటర్లో చాలామంది "బియ్యం గింజ కోసం ఇంత గోలేంట్రా" అని నవ్వేరు. వేరే ఊరోళ్ళు నవ్వితే సరే, డెల్టాలో పుట్టినోళ్ళు నవ్వకూడదు కదండి. పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధన స్థానం ఉంది, అక్కడ తయారైన ఎంటీయూ 7029 అంటే మనం స్వర్ణ అని పిల్చే వడ్లు, 1982 నుంచీ మన చేలల్లోనే కాదు, తూర్పు రాష్ట్రాల్లో కూడా లక్షల ఎకరాలేసేరు. వరద నీళ్ళల్లో కొన్ని రోజులు మునిగినా బతికే స్వర్ణ సబ్-1 కూడా దాన్నుంచే తీసేరు. నవంబర్లో తుఫానొచ్చి కోతకొచ్చిన చేను పడిపోతే ఎలా ఉంటదో మీకు తెలుసు, అలాంటిది వాతావరణాన్ని తట్టుకునే విత్తనం చేతిలో ఉన్నోడికి ఎంత ధర ఉంటదో, ఎంతమంది శత్రువులుంటారో ఆలోచించండి. విలన్ల మోటివ్ అప్పుడు బలంగానే ఉంటది. రాయడంలో మాత్రం ఆ విషయం చివర్లో గబగబా చెప్పేసేడు, విత్తనం గురించి ముందు నుంచీ కొంచెం కొంచెం నాటి ఉంటే థియేటర్లో ఆ నవ్వు వచ్చేది కాదు. ఇలా మీకు బాగా తెలిసిన పని ఏదో సినిమాలో ఉంటే దాన్ని పట్టుకుని లాగండి, చేపల చెరువోళ్ళు చెరువు సీన్ని, నర్సులు ఆస్పత్రి సీన్ని, రివ్యూల్లో దొరకని మాటలు అక్కడ దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, అప్పుడు తిట్టిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. అందరూ ఫ్యాన్సే ఉంటే అది భజన. మా బ్యాచ్‌లో ఒక బాబాయ్ ఉన్నాడు, ఇంటర్వెల్ దాకా మెచ్చుకుని సెకండాఫ్‌లో నిద్రపోయేనని ఇప్పటికీ చెప్తాడు, ఆయన లేకుండా ఈ సినిమా పెట్టం. ఒక్క షరతు, "నీకు అర్థం కాలేదు బాబాయ్" అనే మాట ఎవరూ అనకూడదు. అది అన్నారా, అయిపోయింది, ఆయన లేచెళ్ళిపోతాడు, పైగా అది తప్పు కూడా. చాలామందికి కథ అర్థమయ్యింది, బోర్ కొట్టింది. లండన్ వెళ్ళాక ఛేజ్ మీద ఛేజ్, లండన్ బాబు అని ఒక ఐటెం సాంగ్, విలన్లు ఒకడికీ ఇంకొకడికీ తేడా తెలీదు, ఇవన్నీ పదేళ్ళు గడిచినా బాగుపడలేదు, బాగుపడవు కూడా. బాబాయ్ నిద్రపోయిన చోటు మీ నోట్స్‌లో ఉండాలి. ఆయన మేలుకున్న చోటు కూడా ఉండాలి, చివర్లో అమ్మానాన్నల మొహాలు కూడా గుర్తులేని కొడుకు వెతుక్కుంటా వెళ్తాడే, అక్కడ ఆయన ఎప్పుడూ మేలుకునే ఉంటాడు, కళ్ళజోడు తుడుచుకుంటా.

లెక్కలు మాత్రం మార్చకండి. ఈస్ట్, వెస్ట్ గోదావరిలో ఆడించే హక్కులు కొన్నోళ్ళకి డబ్బులు పోయేయి, ఫ్లాప్ అంటే ఫ్లాపే. "అసలు హిట్టే, తొక్కేసేరు" అని మొదలెడితే మీ మిగతా మాటలకి కూడా విలువ పోద్ది.

సినిమా అయ్యాక ఒక్కొక్కళ్ళు ఉంచాల్సిన సీన్ ఒకటి, కొయ్యాల్సిన సీన్ ఒకటి చెప్పాలి, గట్టిగా. ఉంచాల్సింది అందరూ ఒకటే చెప్పేరంటే ఆ సీను గొప్పది, సినిమా మామూల్ది అని అర్థం, అక్కడితో వదిలెయ్యండి. తలొకటీ చెప్పేరంటే ఆ సినిమాకి అప్పట్లో నిజంగానే రావాల్సిన దానికంటే తక్కువ మార్కులు పడ్డట్టే. మాకు ఈ సినిమాకి తలొకటీ వచ్చింది, కొయ్యమన్నవి కూడా తలొకటీ వచ్చేయి అనుకోండి. బాబాయ్ మాత్రం సెకండాఫ్ సగం కొయ్యమన్నాడు, రాసుకున్నాం. వచ్చేసారి ఏ సినిమా పెట్టాలో ఎంచే ఛాన్స్ అలా ఒప్పుకోని మనిషికే ఇవ్వండి, మా బాబాయ్ అయితే పసలపూడి వంశీ గారి అన్వేషణ అంటన్నాడు, 1985ది.