హెడ్‌ఫోన్ నోరు నొక్కిన రెండు ఎమ్‌లు

లైనక్స్ లాప్‌టాప్‌లో స్పీకర్లు బాగానే మోగుతున్నాయి. హెడ్‌ఫోన్ పెడితే మాత్రం చడీచప్పుడూ లేదు. అదే హెడ్‌ఫోన్ ఫోన్‌కి పెడితే పాట వినిపిస్తోంది కాబట్టి వైరు తప్పు కాదు. ఇంకో గంటలో ఆఫీసు కాల్, ఒకటే టెన్షన్.

లైనక్స్‌లో యాప్‌ల శబ్దాన్ని చేరవేసే పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేశాను, లాభం లేదు. సౌండ్ సెట్టింగులు చూపించే పావుకంట్రోల్ తెరిస్తే అవుట్‌పుట్ పోర్టు దగ్గర హెడ్‌ఫోన్స్ అనే ఉంది. పాట పెడితే కింద లెవెల్ గీత కూడా ఆడుతోంది. అంటే శబ్దం అక్కడిదాకా వస్తోంది, ఆ తర్వాతే ఎక్కడో ఆగుతోంది.

పైప్‌వైర్‌కి కింద అల్సా ఉంటుంది. సౌండ్ కార్డుని నడిపేది అదే. దాని వాల్యూమ్ గడులు చూద్దామని టెర్మినల్‌లో అల్సామిక్సర్ అని కొట్టాను. ఒక్క మాస్టర్ గడే కనిపించేసరికి తికమకపడ్డాను. ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డుని ఎంచుకుంటే గానీ మిగతావి రాలేదు. చూస్తే హెడ్‌ఫోన్ గడి అడుగున ‘ఎమ్ఎమ్’ అని ఉంది. మ్యూట్ అయి కూర్చుందన్నమాట! బాణం మీటతో దాని మీదికి వెళ్లి ఎమ్ నొక్కితే అది ‘ఓఓ’గా మారింది. పై బాణంతో వాల్యూమ్ పెంచాను. హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుని మాత్రం ఈ పని చేయకండి. నేను చేశాను, పాట ఒక్కసారిగా మోగేసరికి కుర్చీలోంచి లేచిపోయాను.

పక్కనే ఉన్న ఆటో మ్యూట్ మోడ్‌ని ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లని ఆపేది అదే. చివర్లో ‘సుడో అల్సాసీటీఎల్ స్టోర్’ కొట్టి సెట్టింగ్ దాచుకున్నాను. రీబూట్ చేసినా హెడ్‌ఫోన్ పలుకుతోంది.