హెవీ లైసెన్స్ వరకు: లారీ, బస్సు డ్రైవరు కావాలనుకునేవారు క్రమంగా చేయవలసిన పనులు

చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ బండలు తరలించే ట్రాలీల మీద, కృష్ణపట్నం ఓడరేవు దగ్గర సరుకు ఎత్తే లారీల మీద, నెల్లూరు బియ్యమూ రొయ్యలూ మోసుకుపోయే బండ్ల మీద క్లీనర్లుగా పనిచేస్తున్న యువకులు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి స్టీరింగ్ పట్టుకోవడం వచ్చు. చట్టం దృష్టిలో డ్రైవరు కావడానికి ఏ పని తరువాత ఏ పని చేయాలో మాత్రం సరిగా తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల ఏజెంట్ల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకునేవారు కొందరైతే, చేతిలో సరైన కార్డు లేకుండానే బండి నడిపి, ప్రమాదం జరిగిన రోజున కోర్టు మెట్లు ఎక్కేవారు మరికొందరు. హెవీ లైసెన్స్ తీసుకోదలచినవారు మొదటి దరఖాస్తు నుంచి రెన్యూవల్ వరకు ఏ వరసలో నడవాలో, అందులో ఎక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

వయసు, మొదటి లైసెన్స్

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినవారు కారు వంటి తేలికపాటి వాహనానికి లైసెన్స్ తీసుకోవచ్చు. రవాణా వాహనం, అంటే సరుకులనో ప్రయాణికులనో మోసే లారీ, బస్సు వంటి బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దీనితో పాటు మరో షరతు ఉంది, దానినే ఎక్కువమంది గమనించరు. తేలికపాటి వాహనం లైసెన్స్ చేతికి వచ్చి కనీసం ఒక సంవత్సరం గడిచిన తరువాతే రవాణా వాహనానికి ఎల్.ఎల్.ఆర్. (నేర్చుకునే కాలానికి ఇచ్చే తాత్కాలిక లైసెన్స్) ఇస్తారు. 20 ఏళ్లు వచ్చేదాకా ఆగి అప్పుడు కారు లైసెన్స్‌కు దరఖాస్తు చేసినవాడు హెవీ ఎల్.ఎల్.ఆర్. కోసం 21 దాటేదాకా ఆగక తప్పదు. అందుచేత ఈ వృత్తిలోకి రావాలని నిశ్చయించుకున్న కుర్రవాడు 18 నిండగానే తేలికపాటి వాహనం లైసెన్స్ తీసుకొని పెట్టుకోవడం తెలివైన పని.

చదువు గురించి ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. రవాణా వాహనం డ్రైవరు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను కేంద్ర ప్రభుత్వం 2019లో తొలగించింది. కాబట్టి చదువు మధ్యలో ఆగిపోయిందన్న కారణంతో ఎవరూ వెనుకాడవలసిన అవసరం లేదు. అయితే బోర్డులు, గుర్తులు, సరుకు కాగితాలు చదవగలిగినవాడికి ఈ పనిలో గౌరవమూ ఎక్కువే, సంపాదనా ఎక్కువే అన్నది నా గట్టి నమ్మకం.

నిజంగా హెవీ లైసెన్స్ అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. స్థూల బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనం లైసెన్స్‌తోనే నడపవచ్చునని, దానికి ప్రత్యేకంగా రవాణా అనుమతి అక్కర లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. చెరువుల దగ్గరికి మేత బస్తాలు వేసుకుపోయే చిన్న ట్రక్కులు, పికప్ వ్యాన్లు ఈ కోవలోకి వస్తాయి. కానీ మనం వాడుకలో డీసీఎం అని పిలిచే బండ్లన్నీ 7,500 కిలోల లోపువి కావు. బండి చూడడానికి చిన్నగా ఉందని అనుకోకుండా, ఆర్.సి. (బండి రిజిస్ట్రేషన్ పత్రం)లో రాసిన స్థూల బరువును చదివి నిర్ణయించుకోవాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఖాళీ బండి బరువు కాదు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు.

వైద్య పరీక్ష

రవాణా వాహనం లైసెన్స్‌కు ఫారం 1-ఎ అనే వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. ప్రభుత్వం అధికారమిచ్చిన డాక్టరు కంటిచూపు, వినికిడి, అవయవాల కదలిక పరీక్షించి, మూర్ఛ వంటి జబ్బులు లేవని నిర్ధారించుకొని దానిమీద సంతకం చేయాలి. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును గుర్తుపట్టగలగడం చూపుకు ప్రమాణం. అద్దాలు వాడేవారు అద్దాలు పెట్టుకొని చూడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే ఇంటి దగ్గర ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఆగి ఉన్న బండి నుంచి ముప్పైకి పైగా పెద్ద అడుగులు వెనక్కు నడిచి, ఒక కన్ను మూసి రెండో కంటితోనూ, తరువాత మార్చి మొదటి కంటితోనూ నంబరు చదివి చూసుకోవాలి. ఏ కంటితోనైనా అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే అద్దాలు తీసుకున్న తరువాతే దరఖాస్తు చేయడం మంచిది. మనిషిని చూడకుండానే ధ్రువపత్రం రాసిచ్చేవారి దగ్గరికి పోవద్దని వేడుకుంటున్నాను. 16వ నంబరు జాతీయ రహదారిపై సింగరాయకొండ, కావలి మధ్య అర్ధరాత్రి లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాలీని దూరం నుంచే పసిగట్టవలసినవి ఆ కళ్లే.

ఎల్.ఎల్.ఆర్. ఉన్న కాలంలో

దరఖాస్తును రవాణా శాఖ వారి ఆన్‌లైన్ సారథి పోర్టల్‌లో నింపి, రుసుము కట్టి, స్లాటు తీసుకోవాలి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తరువాతే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. ఈ కాలంలో బండికి ముందూ వెనుకా తెల్లని నేలపై ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి; ఆ పలక ఒక్కో వైపు 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పక్కన ఆ రకం వాహనానికి చెల్లే లైసెన్స్ ఉన్న శిక్షకుడు, అవసరమైతే బండిని ఆపగలిగే విధంగా కూర్చోవాలి.

క్లీనర్లుగా ఉన్నవారు ఈ నిబంధనను బాగా గుర్తుంచుకోవాలి. రాత్రి రెండు దాటాక డ్రైవరు వెనుక బెర్తు మీద పడుకొని, "కాస్త దూరం నువ్వు లాగించరా" అని క్లీనరుకు స్టీరింగ్ అప్పగించడం మన దారుల్లో కొత్త విషయమేమీ కాదు. జేబులో ఎల్.ఎల్.ఆర్. ఉన్నా సరే, పక్కన మెలకువగా శిక్షకుడు లేనప్పుడు అది లైసెన్స్ లేకుండా నడపడం కిందికే వస్తుంది. దానికి 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. బండిని అలా ఇచ్చిన యజమానికీ అదే శిక్ష వర్తిస్తుంది. ప్రమాదంలో ఎవరైనా గాయపడితే బీమా సంస్థ బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునేలా ట్రిబ్యునళ్లు ఆదేశించిన సందర్భాలు అనేకం ఉన్నాయి. "అన్నా, నాకు హెవీ లేదు, నువ్వు లేవకపోతే బండి పక్కన పెడదాం" అని చెప్పడానికి చిన్నవాడు జంకకూడదు.

శిక్షణ

రవాణా వాహనానికి దరఖాస్తు చేసేటప్పుడు గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చిన ఫారం 5 ధ్రువపత్రం జతచేయాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఈ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అభ్యర్థి స్వయంగా బండి నడిపిన సమయం 15 గంటలకు తగ్గకూడదు. పాఠాల్లో భారీ వాహనం నడపడంతో పాటు దాని యంత్రభాగాలు, నిర్వహణ, అగ్నిప్రమాదాల నివారణ, ప్రథమ చికిత్స, ప్రయాణికులతో నడుచుకోవలసిన తీరు కూడా ఉన్నాయి. దీనికి మించిన ప్రమాణంతో 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల విధానం అమలులోకి వచ్చింది. అక్కడ భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ ఉంటుంది, రోడ్డు మీద నడిపినట్టే సాధన చేయించే సిమ్యులేటరూ సొంత ట్రాకూ ఉంటాయి. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. మన ప్రాంతంలో దర్శిలో డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. స్కూలు ఏదైనా, చేరే ముందు మూడు సంగతులు అడగాలి: శిక్షణ బండికి శిక్షకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్నాయా, ఒక్కో అభ్యర్థికి రోజూ ఎంతసేపు స్టీరింగ్ ఇస్తారు, రివర్స్ నేర్పడానికి విశాలమైన ఆవరణ ఉందా. బండి ఎక్కకుండానే ఫారం 5 ఇస్తామనే చోట మనం కొనేది కాగితమే, పని రాదు.

ఆ 30 రోజుల్లో తప్పకుండా నేర్చుకోవలసిన వాటిలో ఎయిర్ బ్రేకును మొదట చెబుతాను. చదునైన చోట చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను నడిపి గాలి పూర్తిగా నిండనివ్వాలి. తరువాత ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి, బ్రేకు పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే పట్టుకొని గాలి ఒత్తిడి చూపే గేజీని గమనించాలి. తొక్కిన వెంటనే ముల్లు కొద్దిగా దిగి అక్కడే నిలిస్తే గొట్టాలు బాగున్నట్టే. కళ్లముందే జారిపోతుంటే ఎక్కడో గాలి పోతోంది. రెండో మనిషి ఒక్కో చక్రం దగ్గరా చెవి పెడితే బుస్సుమనే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. గాలి తక్కువైన హెచ్చరిక మోగుతుండగా బండిని కదపకూడదు.

రెండోది దిగుడు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లోనో, గిద్దలూరు దాటి నల్లమల మీదుగా నంద్యాల పోయే దారిలోనో లోడు బండి దింపేటప్పుడు కొత్త డ్రైవరు చేసే పొరపాటు మాటిమాటికీ బ్రేకు తొక్కడం. డ్రమ్ము, లైనింగు వేడెక్కే కొద్దీ పట్టు తగ్గుతుంది. తొక్కిన ప్రతిసారీ గాలి కూడా ఖర్చవుతుంది. ఈ రెండూ ఒకేసారి ముంచుకొస్తే బండి చేతిలో ఉండదు. అందుకే ఆ దిగుడును లోడుతో ఎక్కాలంటే ఏ గేరు వేయవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. వాలు మొదలు కాకముందే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డగించి వేగం తగ్గించేది) వేసి, ఇంజను చేతనే వేగాన్ని పట్టి ఉంచి, బ్రేకును మలుపుల కోసం దాచుకోవాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం ప్రాణాలతో చెలగాటం.

పరీక్ష

ఒంగోలు, నెల్లూరు రవాణా కార్యాలయాల పరిధిలో జరిగే పరీక్షకు, మీరు కోరే తరగతికి చెందిన, పత్రాలన్నీ సరిగా ఉన్న బండిని మీరే తీసుకువెళ్లాలి. మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి, బయలుదేరే ముందు మీరు వెనుక చూసే అద్దాలు సరిచేసుకున్నారా, బ్రేకు పరీక్షించారా అన్నది మొదలు గమనిస్తారు. గేర్లు పైకీ కిందికీ మార్చడం, ఎత్తుమీద ఆపి వెనక్కు జారకుండా మళ్లీ కదిలించడం, ఇరుకైన సందులోకి కుడికీ ఎడమకీ రివర్స్ చేయడం నిబంధనల్లో రాసి ఉన్న అంశాలే. రివర్స్‌లో తొందరపడినవారే ఎక్కువగా తప్పుతారు. అనుమానం వస్తే ఆగి, దిగి, వెనుక చూసుకొని మళ్లీ ఎక్కడం మంచి డ్రైవరు లక్షణం. తప్పినవారు ఏడు రోజుల తరువాత మళ్లీ హాజరు కావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగి, స్కూలులో దిద్దుబాటు శిక్షణ పూర్తి చేయాలి.

ప్రత్యేక అర్హతలు

పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లు నడపడానికి హెవీ లైసెన్స్ ఒక్కటే సరిపోదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ముగించి, దానిని లైసెన్స్‌పై నమోదు చేయించుకోవాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలన్నది ఇక్కడి నిబంధన. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది కనుక మనవారు శ్రద్ధ పెట్టవలసింది ఇంగ్లీషు మీదే. సరుకు స్వభావం, ప్రమాదం జరిగితే చేయవలసిన పనులు రాసిన పత్రం ఎల్లవేళలా క్యాబిన్‌లో ఉండాలి; దాన్ని డ్రైవరు స్వయంగా చదివి అర్థం చేసుకొని ఉండాలి. ఈ అనుమతి మూడేళ్లు చెల్లుతుంది, రెన్యూవల్‌కు ఒకరోజు పునశ్చరణ శిక్షణ కావాలి.

స్కూలు బస్సు నడపదలచినవారికి అనుభవం ముఖ్యం. ఢిల్లీ రవాణాకు సంబంధించిన ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1997లో, స్కూలు బస్సు డ్రైవరుకు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం ఐదేళ్లు ఉండాలని నిర్దేశించింది. ఆర్టీసీ కొలువులకు ఎత్తు, వయసు, అనుభవం వంటి షరతులు ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

కార్డు మీది తేదీలు

లైసెన్స్ కార్డుపై చెల్లుబాటు తేదీలు రెండు ఉంటాయి. రవాణాయేతర వాహనాలకు ఒకటి, రవాణా వాహనాలకు మరొకటి. మొదటిది చాలా ఏళ్ల తరువాతి తేదీ కావడం వల్ల దాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోయే డ్రైవర్లు ఉన్నారు. లారీ, బస్సు నడిపేవారికి వర్తించేది రెండోది. అది ఐదేళ్లకు ఒకసారి ముగుస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు గడువు దాటిన తరువాత 30 రోజుల వెసులుబాటు ఉండేది, ఇప్పుడు లేదు. గడువు ముగిసిన మర్నాడు లోడు ఎత్తినా లైసెన్స్ లేనట్టే లెక్క. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యూవల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు కనుక, దూరపు కిరాయిలకు పోయేవారు ఊళ్లో ఉన్నప్పుడే కొత్త ఫారం 1-ఎ తీసుకొని ఆ పని ముగించుకోవాలి. గడువు దాటి ఏడాది గడిచిపోతే డ్రైవింగ్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి.