ఉక్కు పలకల పిస్టల్ పోటీకి తొలిసారి వెళ్తున్నారా?

అమెరికాలో స్థానిక గన్ క్లబ్బులు వారాంతాల్లో పెట్టే స్టీల్ పోటీల్లో చాలావాటికి మూలం 1981లో కాలిఫోర్నియాలో మొదలైన స్టీల్ ఛాలెంజ్. ఐదు ఉక్కు పలకలు ఉంటాయి. అందులో ఒకటి స్టాప్ పలక, దాన్ని చివరన కొట్టాలి. టైమర్ కూసినప్పటి నుంచి ఆ పలక మోగేదాకా పట్టిన సమయమే మీ స్కోరు. పలక తప్పితే 3 సెకన్లు కలుపుతారు. వాతావరణం సరదాగానే ఉంటుంది, నియమాలు మాత్రం అలా ఉండవు.

తుపాకీ కన్నా ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి. స్నేహితుడి తుపాకీయే కదా, కాల్పుల రేంజ్‌లో అద్దెకు తీసుకున్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అనుమానం ఉంటే న్యాయవాదిని అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు.

ఇక అసలు సంగతి ఉక్కు. కాగితపు గురిలోంచి తూటా దూసుకుపోతుంది. ఉక్కుకు తగిలితే ముక్కలై చెదురుతుంది. నున్నటి పలక ఆ ముక్కలను చాలావరకు పక్కలకు, కిందకు చిమ్ముతుంది. గుంటలు పడినది వెనక్కి కూడా విసురుతుంది. అందుకే కాల్చేవారే కాదు, చూడటానికి వచ్చిన పిల్లలు, ఫోనుతో వీడియో తీసే బావమరిది కూడా కంటి రక్షణ పెట్టుకోవాలి. మామూలు పవర్ అద్దాలు చాలవు. పక్కలు కూడా కప్పే, జడ్87 (Z87) అనే భద్రతా ప్రమాణం గుర్తున్న అద్దాలు కావాలి. ఉక్కు మొన ఉన్న తూటాలను రానివ్వరు. కొన్నిచోట్ల అయస్కాంతంతో పరీక్షిస్తారు. చౌకగా దొరికాయని పెట్టె కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

చాలా క్లబ్బుల్లో కాల్చే గీత దగ్గర మీ వంతు వచ్చేదాకా తుపాకీ ఖాళీగా సంచిలోనో, నడుముకు కట్టుకునే హోల్‌స్టర్‌లోనో ఉండాలి. బయటికి తీసి చూసుకోవాలంటే సేఫ్టీ బల్ల ఉంటుంది, అక్కడ తూటాను ముట్టుకోకూడదు. ‘మేక్ రెడీ’ అని కాల్పులను పర్యవేక్షించే రేంజ్ ఆఫీసర్ అన్నాకే తూటాలు నింపిన మ్యాగజైన్ పెట్టాలి. ‘స్టాప్’ వినపడితే వెంటనే వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి కదలకుండా నిలబడాలి. తుపాకీ గొట్టం ఎప్పుడూ పలకల వైపే ఉండాలి.

ఈ చివరి నియమం తప్పడానికి ఒక కారణం, తూటా పేలాక తుపాకీ బయటికి విసిరే వేడి తొడుగులు. ఇప్పుడే పేలిన తూటా ఖాళీ తొడుగు మెడ దగ్గర చొక్కాలో పడితే చుర్రుమంటుంది. మనిషి గిర్రున తిరుగుతాడు, చేతిలో తుపాకీతో సహా. గుండీలు మెడదాకా ఉన్న చొక్కా, అంచు ఉన్న టోపీ వేసుకోండి. అయినా పడితే కాలనివ్వండి, ముందు తుపాకీని పలకల వైపే ఉంచండి. తుపాకీ చేయి జారితే పట్టుకోబోకండి, వంగి తీయకండి, ఆఫీసరే తీస్తారు. ఆ రోజుకు మీ పోటీ ముగిసినట్టే, కానీ గాలిలో పట్టుకోబోతే వేలు ట్రిగ్గర్ మీద పడవచ్చు.

ఒక తూటా ‘టప్’ మని మెత్తగా పేలితే ఆగండి. అది తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, వెనకే ఇంకొకటి కాలిస్తే పిస్టల్ పగిలిపోవచ్చు. టైమర్ తొందరలో కొత్తవారు దీన్ని పట్టించుకోరు. మొదటిసారి చిన్న తూటాలు వాడే .22 పిస్టల్‌తో మొదలుపెట్టడం మేలు: తన్ను తక్కువ, పైగా స్టీల్ ఛాలెంజ్ పద్ధతిలో దాన్ని హోల్‌స్టర్ నుంచి తీయనక్కరలేదు.

తూటాల పొగలో, దుమ్ములో సీసం (లెడ్) ఉంటుంది. తెచ్చుకున్న పులిహోర డబ్బాను చేతులు కడగకుండా తెరవకండి. చేతికంటిన లెడ్‌ను శానిటైజర్ పోగొట్టదు; సబ్బు, నీళ్లు కావాలి. ఇంటికి రాగానే బూట్లు గుమ్మం బయట విడిచి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి.