అమ్మకు ఆయాసం పెరిగాక కాదు, అంతకు ముందే: మంచం పట్టినవాళ్ళున్న కథోలిక ఇంటికి కొన్ని జాగ్రత్తలు

రాత్రి రెండున్నరకు ఫోను మోగింది. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, రోగుల ఇళ్ళకు వెళ్ళే నలుగురిలో నేనొకణ్ణి. ఆ వేళప్పుడు ఫోనంటే ఎత్తకముందే సంగతి తెలిసిపోతుంది. "అన్నా, అమ్మకు ఆయాసం ఎక్కువైంది, ఫాదర్ గారిని తీసుకురా" అన్నాడు అవతలి మనిషి. ఫాదర్ గారేమో ఆ రాత్రి పన్నెండు కిలోమీటర్ల అవతల పక్క ఊళ్ళో ఉన్నారు. బండి మీద ఎక్కించుకుని వచ్చేసరికి మూడుంబావు. ఆమె పోయి అప్పటికే అరగంట. గడ్డం కింద నుంచి తలమీదికి గుడ్డ కట్టేశారు, కాళ్ళ బొటనవేళ్ళూ కట్టేశారు. "కాస్త నూనె రాయండి ఫాదర్" అని కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు. ఫాదర్ గారు రాయలేదు. పక్కన మోకాళ్ళూని మృతుల కోసం చెప్పే జపం చెప్పారు. ఆ కొడుక్కి ఫాదర్ గారి మీద ఇప్పటికీ కోపమే. తల్లి ఎనిమిది నెలలుగా మంచంలో ఉంది. గుడి వాళ్ళింటికి నాలుగు వీధుల దూరం.

తప్పు ఎవరిదని కాదుగానీ, ఆ ఎనిమిది నెలల్లో ఎవరూ ఎందుకు పిలవలేదో నాకు తెలుసు. జబ్బుపడ్డవాళ్ళకు ఫాదర్ గారు జపం చెప్పి నూనె రాసే ఈ దివ్యసంస్కారాన్ని మన పెద్దవాళ్ళు "అవస్థ అభ్యంగనం" అన్నారు. చివరి అవస్థలో ఇచ్చేది కాబట్టి ఆ పేరు. దాంతో "అవస్థ ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే" అన్న మాట ఊళ్ళో పాతుకుపోయింది. ఫాదర్ గారు నూనె డబ్బీతో వీధిలోకి వస్తే పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. మంచంలో ఉన్న మనిషికి ఆ చూపులే సగం జబ్బు.

నిజానికి ప్రపంచంలోని కథోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది, దీన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే సరైనదనీ, ఇది కొనఊపిరితో ఉన్నవాళ్ళకు మాత్రమే కాదనీ. 1972లో ఆరవ పౌలు పోపు గారు విధానాన్నే మార్చారు. అంతకు ముందు కళ్ళు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, పాదాలు అన్నిటికీ నూనె రాసేవారు. ఇప్పుడు నుదుటికీ చేతులకే. ఒలీవ నూనె దొరక్కపోతే మొక్కలనుంచి తీసిన వేరే నూనె వాడుకోవచ్చన్నదీ అప్పుడే వచ్చింది. పేరు మారి అరవయ్యేళ్ళు దాటింది, మన భయం మాత్రం పాతపేరు దగ్గరే ఆగిపోయింది.

కాబట్టి ఎప్పుడు పిలవాలి? జబ్బువల్లగానీ ముసలితనంవల్లగానీ ప్రాణానికి ముప్పు మొదలైందనిపించినప్పుడే. పెద్ద ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు పిలవొచ్చు. పెద్ద జబ్బేమీ లేకపోయినా బాగా నీరసించిపోయిన ముసలివాళ్ళకూ ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక కోలుకుని మళ్ళీ జబ్బు పడితే మళ్ళీ ఇస్తారు. అదే జబ్బు ముదిరినా ఇస్తారు. మా వీధిలో ఒక తాతయ్య నాలుగుసార్లు తీసుకుని, నాలుగోసారి తర్వాత రెండేళ్ళు పొలం చూసుకున్నాడు. "నాకు నూనె బాగా పడింది" అనేవాడు. ప్రాణం ఉందో పోయిందో తేల్చుకోలేని స్థితైతే అనుమానం మీద కూడా ఇస్తారు. పోయారని తేలాక మాత్రం ఇవ్వరు. దివ్యసంస్కారాలు బతికున్నవాళ్ళకే. అది ఫాదర్ గారి మొండితనం కాదు.

మనిషి మాట్లాడగలిగినప్పుడే పిలవడానికి అసలు కారణం ఇంకొకటుంది. ఆ రోజు జరిగేది నూనె ఒక్కటే కాదు. ముందు పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్ గారితో చెప్పుకుని క్షమాపణ పొందడం, తర్వాత అభ్యంగనం, ఆ తర్వాత క్రీస్తు శరీరంగా తీసుకునే అప్పం, దివ్యసత్ప్రసాదం. స్పృహ తప్పినవాళ్ళు పాపసంకీర్తనం చెప్పలేరు, గొంతులోకి గొట్టం వేసినవాళ్ళు సత్ప్రసాదం మింగలేరు. ఆలస్యం చేస్తే మూడింట్లో రెండు పోగొట్టినట్టే.

ఇంట్లో ఏర్పాటు

మంచం పక్కన చిన్న బల్ల, మీద ఉతికిన తెల్లగుడ్డ, సిలువ స్వరూపం, రెండు కొవ్వొత్తులు, తీర్థం, ఒక గ్లాసు మంచినీళ్ళు, కొంచెం దూది. ఇంతే. పూలదండలూ బంధువుల గుంపూ అక్కర్లేదు.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. గదిలో ఆక్సిజన్ నడుస్తుంటే కొవ్వొత్తి వెలిగించొద్దు. సిలిండరైనా అంతే, కరెంటుతో నడిచే కాన్సన్‌ట్రేటరైనా అంతే. ముక్కు గొట్టాల్లోంచి వచ్చే గాలి దుప్పట్లోకీ దిండులోకీ చేరి ఉంటుంది. నిప్పు తగిలితే మామూలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా అంటుకుంటుంది. అగరొత్తీ వద్దు. ఒకింట్లో నేను కొవ్వొత్తి ఊదేస్తే ఆడపడుచు "దేవుడి దీపం ఆర్పేశాడు" అని ఏడ్చింది. ఏడిస్తే ఏడవనీ అనుకుని గొట్టం చూపించాను. బ్యాటరీ కొవ్వొత్తి పెట్టండి, ఏమీ పెట్టకపోయినా పరవాలేదు.

పాపసంకీర్తనం మొదలయ్యేముందు ఫాదర్ గారు చెప్పకుండానే అందరూ బయటికి వెళ్ళాలి. పెద్దవాళ్ళకు చెవుడుంటే ఫాదర్ గారు గట్టిగా అడగాలి, వాళ్ళు ఇంకా గట్టిగా చెప్తారు. రేకులిల్లైతే వీధి మొత్తానికీ వినిపిస్తుంది. వరండాలో కూర్చోకుండా వాకిలి దాటి నిలబడండి. పొరపాటున ఒక ముక్క చెవిన పడినా అది మీ దగ్గరే సమాధి కావాలి. ఆ రహస్యం విన్నవాళ్ళనూ కట్టేస్తుంది. తర్వాత "ఏం చెప్పావే అమ్మా" అని నవ్వులాటకైనా అడక్కండి.

టీ సంగతి. మా అమ్మ రెండుసార్లు ఫాదర్ గారిని ఉత్త చేతులతో పంపేసింది, "పొద్దున్నే టీ తాగేశాను ఫాదర్" అని. ఆమె చిన్నప్పుడు సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచీ ఏమీ ముట్టకూడదన్న నియమం నేర్పారు. 1957లో అది ఆహారానికి మూడు గంటలైంది, 1964లో గంటైంది. రోగులకూ ముసలివాళ్ళకూ వాళ్ళను చూసుకునేవాళ్ళకూ ఆ గంట కూడా లేదు. చూసుకునేవాళ్ళకు కూడా అన్నది చాలామందికి తెలీదు. రాత్రంతా మేలుకుని ఉన్న కోడలు కాఫీ తాగిందని సత్ప్రసాదం మానుకోనక్కర్లేదు.

ఆసుపత్రిలో

చేర్చేటప్పుడే నర్సుకు చెప్పి పెట్టుకోండి, మా ఫాదర్ గారు వస్తారని. ఐసీయూలో చూసే వేళలు ఉంటాయి. అందరూ ఒకేసారి లోపలికి పోవాలని పట్టుబట్టకుండా ఆ పది నిమిషాలూ ఫాదర్ గారికి వదిలేయండి. రాత్రుళ్ళు మీ విచారణ గురువులు, అంటే మీ ఫాదర్ గారు, అందకపోతే దగ్గర్లో ఏ గురువైనా సరే. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళ పాపసంకీర్తనం వినడానికి ఏ గురువుకైనా అధికారం ఉంది, గురుత్వం వదిలేసి వెళ్ళినవాళ్ళతో సహా. అభ్యంగనం మాత్రం గురువులే ఇవ్వాలి. సిస్టర్లూ ఉపదేశులూ సత్ప్రసాదం తేగలరేమో గానీ నూనె రాయలేరు.

ఎవరూ రాలేకపోతే? చెవి దగ్గర నోరుపెట్టి నెమ్మదిగా ఉత్తమ మనస్తాప జపం చెప్పండి, వాళ్ళ మనసు కలిపితే చాలు. వినబడటం లేదనుకుని ఆపొద్దు. పాపసంకీర్తనం చేయాలన్న కోరికతో దేవుని మీద ప్రేమకొద్దీ పడే మనస్తాపం పాపక్షమాపణకు చాలునని శ్రీసభ (కథోలిక సంఘం) బోధ. కోవిడ్ రోజుల్లో, 2020 మార్చి 20న రోము వెలువరించిన పత్రాలు దీన్నే గుర్తుచేశాయి. బతికినన్నాళ్ళూ ఏదో ఒక జపం చెప్పుకుంటూ వచ్చిన మనిషికి చివరి గడియలో గురువు లేకపోయినా సంపూర్ణ పాపశిక్ష మన్నింపు ఉందని కూడా వాటిలో ఉంది. మంగళవార్త జపంలో రోజూ "మా మరణ సమయమందును" అంటూనే ఉన్నాం కదా, ఆ గడియ కోసమే.

వెంటిలేటర్ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వస్తోంది. "తీయమంటే పాపమా ఫాదర్?" అని కారిడార్‌లో నిలబడి అడుగుతారు. పన్నెండవ పయస్ పోపు గారు 1957 నవంబరులో మత్తుమందు డాక్టర్లతో మాట్లాడుతూ దీనికి దారి చూపారు: మామూలు వైద్యం చేయించుకోవాలి, ఫలితానికి మించిన భారమయ్యే అసాధారణ వైద్యం తప్పనిసరి కాదు. చంపడం వేరు, చావును ఇక ఆపలేమని ఒప్పుకోవడం వేరు. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇస్తే, దానివల్ల ఆయుష్షు కాస్త తగ్గినా, ఉద్దేశం నొప్పి తగ్గించడమే అయితే తప్పు లేదు. నీళ్ళూ ఆహారమూ ఒంటికి పట్టినంతకాలం మానేయకూడదు. చంపే ఇంజెక్షను మాత్రం ఎవరడిగినా కాదు. కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని, ముందస్తు వైద్య నిర్దేశాన్ని, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి. మీ పెద్దవాళ్ళు నోరున్నప్పుడే ఏమనుకుంటున్నారో అడిగి రాయించుకోండి. కారిడార్‌లో అన్నదమ్ముల కొట్లాట చూసినవాణ్ణి చెప్తున్నా.

రెండు మతాలున్న ఇల్లు

ఇంట్లో ఒక్కరే వయసొచ్చాక జ్ఞానస్నానం తీసుకుని ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. పోయాక వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళుండరు. ఏ విచారణలో ఏ తేదీన జ్ఞానస్నానం పొందారో, జ్ఞానతల్లి లేక జ్ఞానతండ్రి ఫోన్ నంబరేదో, సమాధి ఎక్కడ కావాలో వాళ్ళ చేతిరాతతో ఒక కాగితం ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైనవాళ్ళకు ఎస్సీ హోదా ఇవ్వదు కాబట్టి చాలా దళిత కుటుంబాల్లో సర్టిఫికెట్టొకటి, జ్ఞానస్నానం ఒకటి. ఎవరినీ తప్పుబట్టి లాభం లేదు. కానీ సమాధి రోజున ఆ తేడా బజార్నపడకుండా ఉండాలంటే గుడి రిజిస్టరులో పేరుండాలి, ఇంట్లో ఒకరికైనా తెలిసుండాలి.

జ్ఞానస్నానానికి సిద్ధమవుతూ, అది ఇచ్చే పాస్క (ఈస్టర్) పండుగకు ఇంకా రెండు నెలలుండగా పోయినవాళ్ళ సంగతి? వాళ్ళను సంఘంలోని వాళ్ళుగానే లెక్కించి కథోలిక పద్ధతిలో సమాధి చేస్తారు. "ఇంకా నీళ్ళు పడలేదుగా" అని ఎవరన్నా ఒప్పుకోకండి. ప్రాణాపాయమైతే పండుగ దాకా ఆగనే అక్కర్లేదు, మంచం మీదే ఇస్తారు.

దీనికి అటువైపు కూడా ఉంది. క్రైస్తవురాలైన భార్య, హిందువైన భర్త. ఆయన స్పృహ తప్పాక ఆమె ప్రేమకొద్దీ చాటుగా తలమీద నీళ్ళు పోస్తుంది. వద్దమ్మా. పెద్దవాళ్ళకు జ్ఞానస్నానమంటే వాళ్ళు తమ నోటితోనో, తలూపో, ఏదో ఒక విధంగా అడిగి ఉండాలి, ముఖ్య సత్యాలు కొద్దిగానైనా తెలిసుండాలి. అడగనివాళ్ళ మీద పోస్తే అది జ్ఞానస్నానమూ కాదు, ఆయన మీద గౌరవమూ కాదు. మదర్ తెరెసా 1952లో కాళీఘాట్‌లో తెరిచిన నిర్మల్ హృదయ్‌లో హిందువులకు గంగాజలం, ముస్లింలకు ఖురాన్, కథోలికులకు అభ్యంగనం, ఎవరి పద్ధతి వాళ్ళకు అని చెప్పేవారు. ఆ ఇంటి మీదే చాటుగా జ్ఞానస్నానాలిచ్చారన్న ఆరోపణ కూడా వచ్చింది. ఆ మాట పడటానికి మన ఇంట్లో చోటివ్వకూడదు. ఆయన కోసం జపమాల చెప్పుకోండి, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

పసిపిల్లల విషయం వేరు. పుట్టిన బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే తల్లిగానీ తండ్రిగానీ నర్సుగానీ, ఎవరైనా ఇవ్వొచ్చు. మామూలు నీళ్ళు తలమీద పారేలా పోస్తూ, పోస్తున్నప్పుడే, పేరు పెట్టి "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనాలి. పుట్టిన పిల్లల ఐసీయూలో ఒక చెంచాడు నీళ్ళు చాలు, డాక్టరునడిగి గొట్టాలకు తగలకుండా పోయండి. తర్వాత విచారణలో రాయించండి, బిడ్డ బతికితే మళ్ళీ ఇవ్వరు. ఈలోపే బిడ్డ పోతే, తల్లిదండ్రులు ఇప్పిద్దామనుకున్నవాళ్ళే కాబట్టి, పీఠాధిపతుల (బిషప్పు గారి) అనుమతితో క్రైస్తవ సమాధి ఉంటుంది.

పోయిన తర్వాత

కళ్ళు ఇవ్వాలనుకుంటే ఆరు గంటల్లోపు తీయాలి. ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు వేయండి. శ్రీసభ దీన్ని మెచ్చుకుంటుంది, "పునరుత్థాన దినాన కళ్ళుండొద్దా" అనే మేనమామ మాట వినకండి. దహనం కూడా 1963 నుంచీ నిషేధం కాదు. కానీ బూడిదను నదిలో కలపకూడదు, ఇంట్లో దాచుకోకూడదు, సమాధిలోనో అందుకు కేటాయించిన పవిత్ర స్థలంలోనో పెట్టాలి. 2016లో రోము దీన్ని మళ్ళీ గట్టిగా చెప్పింది. రెండు మతాలున్న ఇళ్ళల్లో గోదావరి దగ్గర తగువు ఇక్కడే వస్తుంది.

ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకు గుడిలో సమాధి పూజ లేదంటారు. అది పాత శాసనం. 1983 నాటి శ్రీసభ శాసన సంపుటిలో అది లేదు. తీవ్రమైన మానసిక వేదన వాళ్ళ బాధ్యతను తగ్గించగలదనీ, దేవుడు తనకే తెలిసిన దారుల్లో వాళ్ళకు పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వగలడనీ శ్రీసభ సత్యోపదేశ గ్రంథమే అంటోంది. తల్లిదండ్రులతో వరండాలో ఆ పాత మాట అనేవాళ్ళను అక్కడే ఆపండి.

సమాధి దగ్గర మైకు దొరికితే ప్రతివాడూ "ఆయన పునీతుడు, నేరుగా మోక్షానికే" అంటాడు. మంచి ఉద్దేశమే. దాంతో ఆయన కోసం జపం చేసేవాళ్ళు ఆగిపోతారు. శ్రీసభ ఒకరిని పునీతులనడానికి మామూలుగా చనిపోయాక ఐదేళ్ళు ఆగి గానీ పరిశీలనే మొదలెట్టదు. విశ్వాసం కోసం 1752లో కాల్చి చంపబడ్డ దేవసహాయం గారిని పునీతులనడానికే 2022 దాకా పట్టింది. మనం శవపేటిక పక్కన ఐదు నిమిషాల్లో తేల్చేస్తున్నాం. నవంబరు 1 నుంచి 8 దాకా సమాధుల దగ్గరికి వెళ్ళి వాళ్ళ కోసం జపించండి, ఆయనకు అదే పనికొస్తుంది.

మా ఇంట్లో కాగితం అమ్మ జపమాల డబ్బాలో ఉంది. ఫాదర్ గారి నంబరు, పక్క విచారణ నంబరు, చెల్లెలి నంబరు, సమాధి నాన్న పక్కన అని. ఆమె చెప్తుంటే నేనే రాశాను. చివరి లైను కూడా ఆమె చెప్పిందే: "టీ తాగి ఉన్నా సరే సత్ప్రసాదం ఇవ్వవచ్చును."