క్లబ్బులో తెలుగు టైపింగ్ బృందం పెట్టాలంటే

కంప్యూటర్ క్లబ్బులో విడి బృందం పెట్టాలంటే ఐదుగురైనా పేర్లివ్వాలి, నడపడానికి ఇద్దరు కుదరాలి. ఒక్కరి మీదే భారం వేస్తే, ఆ మనిషికి బదిలీ అయిన నెలే బృందం ఆగిపోతుంది. రెండో ఆదివారం అనుకుంటే ఇక రోజు మార్చకండి.

మొదటి రోజు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (భారతీయ భాషలకు ప్రామాణికమైన మీటల అమరిక) ఒక్కటే చాలు. కంప్యూటర్లో తెలుగు భాష చేర్చడానికి అరగంట, సాధనకు గంట. ‘స్త’ రావాలంటే ఎం, డి, ఎల్ మీటలు వరుసగా నొక్కాలి. మధ్యలో డి పొల్లు. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

ఎవరో ఒకరు అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు తెస్తారు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కావు, వేరేచోట అతికిస్తే పిచ్చి గీతలే. ఆ మార్పిడి పని ఇంకో రోజుకు వాయిదా వేయండి.

డబ్బు క్లబ్బు దగ్గరే ఉండాలి. విడి చందా వసూలు చేస్తే లెక్కల గొడవ తప్పదు. వరుసగా మూడు నెలలు ముగ్గురికి మించి రాకపోతే మొహమాటపడకుండా మూసేయండి.